బండల సీమలో... వణకని పాట!

నల్లగొండ, పాలమూరు అనగానే చాలామందికి కరువు, కంకరరాళ్ళు గుర్తొస్తాయి. సినిమా ప్రియులకైతే మరో రెండు పేర్లు గుర్తు రావాలి. కత్తియుద్ధాల కాంతారావుది కోదాడ దగ్గర గుడిబండ. డాక్టర్ ప్రభాకరరెడ్డిది తుంగతుర్తి. ఇద్దరూ ఉమ్మడి నల్లగొండ జిల్లా బిడ్డలే! కానీ ఈసారి నేను వెళ్ళింది నటుల ఊళ్ళు చూడ్డానికి కాదు... బండలు చూడ్డానికి. రికార్డు ప్లేయర్ కింద వేసే బండలు!

నవ్వకండి. ఈమధ్య కుర్రకారు మళ్ళీ ఎల్.పి. రికార్డుల వెంట పడ్డారు. రికార్డు గాడిలో పాట అంటే అతి సన్నని వంపులు. ఆ వంపుల్ని చదివే ముల్లుకి ఘంటసాల గొంతూ ఒకటే, మీ తమ్ముడి అడుగుల చప్పుడూ ఒకటే. రెంటినీ పాటలో కలిపేస్తుంది!

నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగి నల్లగొండ చేరితే, ఊరికి కాపలా కాస్తున్నట్టు రెండు గుట్టలు: కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట. ఈ నేల కింది రాయి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఇంతకంటే కదలని చోటు ఎక్కడ దొరుకుతుంది?

కానీ దేవరకొండలో, కోట నీడన, ఒక పాత మిద్దె ఇంట్లో పాట కదిలింది. ఇంటాయన రిటైరైన టీచరు. రికార్డులన్నీ పోయిన భార్య ఇష్టపడి కొనిపించుకున్నవి. కొడుకు ప్లేయరుని పైఅంతస్తులో పెట్టాడు. కింద కర్ర దూలాలు. మనవళ్ళు ఉరికితే చాలు, ముల్లు ఎగిరి పడేది. ఒక రికార్డు మీద గీత పడింది. ఆ పాటలో ఆమె కూనిరాగం తీసే చరణం దగ్గరే ఇప్పుడు టక్కుమంటుంది.

"గీత వోదు గద బిడ్డా! మిగిలినయన్న కాపాడుకోవాలె," అన్నాడు పెద్దాయన. ప్లేయరుని కిందికి దించి, మూరెడు మందం గోడలోని గూట్లో పెట్టించాడు. ఇప్పుడు పిల్లలు ఎగిరినా ముల్లు ఉలకదు.

అందరికీ అలాంటి గోడ ఎక్కడిది? దానికి జవాబు కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ పోయే దారిలో, లారీ వెనక కనిపించింది. ఖాళీ లారీ గుంతలో ఎగిరెగిరి పడుతుంది. లోడు లారీ మెత్తగా ఊగి పోతుంది. పట్టీలు అవే... బరువే తేడా! ప్లేయరుకీ అదే సూత్రం: పైన బరువైన బండ, కింద మెత్తని రబ్బరు.

గ్రానైట్ షాపులో కోతల్లో మిగిలిన ముక్క అడగండి. 45 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 2 మందం ఉంటే దాదాపు ఎనిమిదిన్నర కిలోలు తూగుతుంది. కింద నాలుగు మూలలా రబ్బరు దిమ్మలు. అయితే రబ్బరు బరువుకి దిగాలి సుమా! స్ప్రింగులా 1 సెంటీమీటరు దిగితే ఆ బండ సహజంగా సెకనుకి 5 సార్లు ఊగుతుంది. 4 సెంటీమీటర్లు దిగితే రెండున్నర సార్లే. ఆ ఊపుకంటే బాగా వేగమైన అదురు పైకి ఎక్కదు. గట్టి రబ్బరైతే దండగ. ప్లేయరు చేతి సొంత ఊపు సాధారణంగా సెకనుకి 8 నుంచి 12 సార్లు. బండ ఊపు దానితో కలిస్తే మేలు చేయకపోగా అదురుని పెంచుతుంది!

రాయిని కొడితే మోగుతుంది కాబట్టి, బండకీ ప్లేయరుకీ మధ్య పలచటి ఫెల్టు గుడ్డ వేయండి. మేస్త్రీ రసమట్టంతో సమంగా ఉందో లేదో చూడండి. స్పీకర్లు మాత్రం అదే బల్లమీద వద్దు. వాటి అదురు ముల్లులోకి వెళ్ళి, మళ్ళీ స్పీకర్లోకి వచ్చి, గుంయ్‌మని హోరెత్తుతుంది.

మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి చూడకుండా రాకండి. వందల ఏళ్ళుగా ఊడలు దించుకుంటూ నిలబడిన చెట్టది. నీడన కూర్చుని ఒక్క లెక్క వేసుకోండి... మీ ఇంట్లో మళ్ళీ దొరకని రికార్డులు ఎన్ని? వాటికి గీత పడకముందే ఒక బండముక్క ఇంటికి తెచ్చుకోండి!