రెక్క కట్టుకున్న తెరచాప

సంక్రాంతి వారం వచ్చిందంటే మా లాల్‌దర్వాజాలో మేడల మీద కాలు పెట్టే చోటు ఉండదు. ఈ మేడ నుంచి ఆ మేడకు ‘డీల్.. డీల్’ అని కేకలు. గుల్జార్‌హౌజ్ దగ్గర కొన్న పతంగులు, చరఖాలు. పిల్లల కంటే పెద్దల హడావిడే ఎక్కువ. అరవై దాటినా నేనూ ఆ పెద్దల్లో ఒకణ్ని. మాంజా మాత్రం నూలుదే వాడతాం. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అయినా దొంగచాటుగా దొరుకుతూనే ఉంది, పిట్టల రెక్కలు తెగుతూనే ఉన్నాయి. సరే, అది ఇంకో కథ.

నా మనవరాలికి పన్నెండేళ్లు. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకుంటానని పట్టుబట్టింది. అక్కడ యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వాళ్లు పేదింటి పిల్లలకు కూడా నేర్పుతారని పేపర్లో చదివిందట. అంతకుముందే దాని మనసులో ఇంకో విత్తనం పడింది. అది ‘తారిణి’ కథ. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు 17 మీటర్ల ఆ తెరచాప పడవలో బయల్దేరారు. 254 రోజుల్లో భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. ఆ ఆరుగురిలో మన హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖ అమ్మాయి స్వాతి ఉన్నారు. ఇంక చెప్పేదేముంది!

వాళ్లమ్మ మాత్రం ససేమిరా అంది. ‘‘ఆ చెరువు వాసన తెలుసా? పడితే ఎవరు తీస్తరు? అసలు మన గల్లీ నుంచి ఎవరన్నా పోయిండ్రా అటు?’’ మా అమ్మాయి ప్రశ్నలకు జవాబు చెప్పడం నా వల్ల కాదు. పతంగి గురించైతే చెప్పగలను.

పతంగికి అడ్డంగా విల్లులా వంచి కట్టే పుల్లను మా గల్లీలో కమాన్ అంటారు. ఆ వంపు సరిగ్గా కుదరకపోతే పతంగి గిరికీలు కొడుతుంది. తెరచాపకూ ప్రాణం వంపులోనే ఉంది. గాలి వెనక నుంచి తోస్తేనే పడవ కదులుతుందని చాలామంది అనుకుంటారు. కానీ పక్క నుంచి వచ్చే గాలిని వంపు తిరిగిన గుడ్డ మళ్లిస్తుంటే, పక్షి రెక్కను పైకెత్తే బలంలాంటిదే పడవను లాగుతుంది. పక్కకు జారిపోకుండా అడుగునున్న పలక ఆపుతుంది. అందుకే గాలికి ఎదురుగా కూడా అటోసారి ఇటోసారి వంకరటింకరగా వెళ్లొచ్చు.

మరి రెక్కే అయినప్పుడు అచ్చంగా రెక్కలాగే చేస్తే? చేశారు. ముందంచు మందంగా, వెనకంచు పలచగా, రెండు వైపులా చర్మం, మధ్యలో స్తంభం. గుండ్రటి స్తంభం బయటుంటే దాని వెనక గాలి చెదురుతుంది. రెక్క లోపల దాక్కుంటే ఆ బాధ లేదు. 2010లో స్పెయిన్‌లోని వాలెన్సియా దగ్గర జరిగిన అమెరికాస్ కప్ పందెంలో గెలిచిన పడవకు ఇలాంటి గట్టి రెక్కే ఉంది. ఎత్తు దాదాపు 68 మీటర్లు. మన చార్మినార్ 56 మీటర్లే సుమా!

మేడ మీద ఇదంతా మనవరాలికి చెబుతుంటే బట్టలు ఆరేస్తూ వాళ్లమ్మ విన్నట్టుంది. ‘‘గాలి ముదిరితే అంత రెక్కను ఎట్లా మడుస్తరు నాన్నా?’’ అంది.

ఇంజనీర్లను ఏళ్ల తరబడి వేధించిన ప్రశ్న అదే! గట్టి రెక్క మడత పడదు. పందెం అయ్యాక క్రేన్‌తో దించుకోవాలి. పెళ్లాంబిడ్డలతో దేశాలు తిరిగేవాడికి రేవు రేవునా క్రేన్ ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఇప్పుడు మెత్తటి రెక్కల మీద పడ్డారు. గుడ్డ రెండు పొరలు కుట్టి మధ్యలో అడ్డబద్దలు పెడతారు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఇద్దరైతే ఫ్యానుతో గాలి ఊది ఉబ్బించే తెరచాప తయారుచేశారు. వద్దనుకుంటే గాలి తీసేసి దిండు గలీబులా కిందికి దించేయడమే. టైర్ల కంపెనీ మిషెలిన్ 2021లో వాళ్లతో చేతులు కలిపింది. 2023లో ‘పిక్సిస్ ఓషన్’ అనే సరుకుల ఓడ 37.5 మీటర్ల ఉక్కు రెక్కలు రెండు కట్టుకుని సముద్రం దాటింది. అవి డెక్కు మీదికి వాలిపోయే రకం. ఇంధనం ఆదా అవుతుందని ఆశ.

నాకైతే సొంత పడవలకు ఈ రెక్కలు ఇంకా కాస్త దూరమే అనిపిస్తుంది. తారిణికి చుక్కాని మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేసుకున్నారు. నడిసంద్రంలో మామూలు గుడ్డ చిరిగితే సూదీ దారం ఉంటే చాలు. ఫ్యానూ మోటారూ చెడితే?

‘‘చెరువులో గాలి ముదిరితే ఏం చెయ్యాలి తాతా?’’ అంది మనవరాలు. తెరచాపను పట్టి ఉంచే తాడు వదిలెయ్యాలి బిడ్డా, అన్నాను. గుడ్డ జెండాలా రెపరెపలాడుతుంది, లాగే బలం పోతుంది, పడవ నెమ్మదిస్తుంది. మనం పతంగికి డీల్ ఇచ్చినట్టే.

వాళ్లమ్మ బట్టల బుట్ట చంకనెత్తుకుని మెట్ల దాకా వెళ్లి ఆగింది.

‘‘ముందు ఈత నేర్చుకోమను’’ అంది.

అది కాదనడం కాదని నాకూ తెలుసు, మనవరాలికీ తెలుసు. ఎండాకాలం సెలవుల్లో ఈత క్లాసులు ఎక్కడున్నాయో వాకబు చేస్తున్నాను.