ఊరకే వచ్చిన పుస్తకము



కొని తెచ్చుకొన్న పుస్తకము నచ్చకున్నచో మూసి గూటిలో పెట్టివేయవచ్చును. ఎరువు తెచ్చుకొన్నదైనచో నాలుగు దినము లుంచుకొని, ఆ యింటి పిల్లవాని చేతికిచ్చి పంపివేయవచ్చును. గ్రంథకర్త తానై మన గుమ్మమునకు వచ్చి, మొదటి పుటలో మన పేరు వ్రాసి, పైకమక్కరలేదని చేతికిచ్చి, "చదివి ఒక మంచిమాట వ్రాయుమమ్మా" యని కోరిన పుస్తకమును మాత్ర మేమి చేయవలెను? ఈ చిక్కు మాకు క్రిందటి ఆషాఢమాసమున కలిగినది. దానిని గూర్చియే యీ జాబు.

ముందుగా మా చదువు సంగతి చెప్పవలెను. మేము బడిలో నేర్చినది స్వల్పము. మా తాతగారు వీధి యరుగుపై కూర్చుండబెట్టి మొదట అమరము వల్లె వేయించిరి. పిదప పోతన భాగవతమున ప్రహ్లాద చరిత్రము, గజేంద్ర మోక్షణము, ఆపైని తిక్కనగారి విరాటపర్వము. ఆయన పద్ధతి కొంచెము వింతయైనది. పద్యమునకు అర్థము చెప్పిన వెనుక "నీకు నచ్చినదా?" యని యడిగెడివారు. నచ్చినదన్నచో చాలదు, ఏ పదమువలన నచ్చినదో వ్రేలు పెట్టి చూపవలెను. నచ్చలేదన్నను కోపపడెడివారు కారు; కాని కారణము చెప్పువఱకు పీటపైనుండి లేవనిచ్చెడివారు కారు. వంట చల్లారిన దినములు పెక్కులు గలవు. పదియేండ్ల పిల్ల తిక్కన సోమయాజిని నచ్చలేదనుటయా యని మా నాయనమ్మ బుగ్గలు నొక్కుకొనెడిది.

పెండ్లియై ఆత్మకూరు చేరితిమి. మావా రిచ్చటి బడిలో నుపాధ్యాయులు. ఈ యూరు 2016 మొదలుకొని వనపర్తి జిల్లాలోనిది, అంతకు ముందు మహబూబునగరు జిల్లాలోనిది, సంస్థానముల కాలమున అమరచింత సంస్థానమునకు రాజధాని. తిరుపతి వేంకట కవులు సంస్థానములు తిరిగిన దినములలో ఇచ్చటికిని వచ్చిరి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు మూడును పండితుల కాశ్రయమిచ్చిన చోటులే. తెలంగాణమున కవులు లేరన్న యొకరి మాటకు బదులుగా 1934లో 354 మంది కవుల పద్యములను కూర్చి "గోలకొండ కవుల సంచిక"ను వెలువరించిన సురవరము ప్రతాపరెడ్డిగారును ఈ గద్వాల సీమవారే. ఆ సంచికను మేము చదివినప్పుడు 354 మందియు సమానులని మాకు తోచలేదు. తాతగారి యలవాటు చొప్పున నచ్చిన పద్యమునకు పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుచు పోయితిమి. చుక్కలు తక్కువయే వచ్చినవి. అయినను ఆ చుక్కల కొఱకు మొత్తము చదివినందుకు విచారము లేదు.

మా యింట శుక్రవారము మధ్యాహ్నము ఏడెనిమిది మంది స్త్రీలు కూడుదురు. ఒకరు చదువుదురు, తక్కినవారు పల్లికాయ లొలుచుచు విందురు. సభ యనుటకు తగిన ఆర్భాట మేదియు లేదు. ఒక్క నియమము మాత్రము గలదు: పుస్తకము ముగిసినప్పుడు "బాగున్నది" యని ఊరకుండరాదు. ఇది తాతగారి నియమమే యని మీరు గ్రహించియే యుందురు.

వీరిలో ఒక చేనేత యింటి చెల్లెలు గలదు. ఐదవ తరగతితో చదువు నిలిచిపోయినది. ఒకప్పుడు మేము భండారు అచ్చమాంబగారి చరిత్ర చెప్పుచుంటిమి. 1874లో పుట్టి 1905లోనే గతించిన ఆమె యే పాఠశాలకును పోలేదు. తమ్ముడైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఇంటనే చదువు చెప్పగా, స్త్రీల చరిత్రలు కూర్చి "అబలా సచ్చరిత్ర రత్నమాల" వ్రాసినది. విన్నంతసేపు ఈ చెల్లెలు మాటాడలేదు. పోవునప్పుడు గుమ్మములో నిలిచి, "అక్కా, ఆమెకు తమ్ముడు చెప్పిండు. నాకు నా బిడ్డ చెప్తున్నది. నడుమ ఆగినకాన్నుంచి మళ్ల సురువు చేసిన" అనినది. అప్పటినుండి తన యింట కండెలు చుట్టుచు, బిడ్డచేత చదివించుకొనుచు, తానును చదువుచున్నది. మా గుంపున ఆమె మాటకున్న విలువ మా మాటకు లేదని చెప్పుటకు మాకు సిగ్గు లేదు.

ఇక ఆ పుస్తకము. తెచ్చినవారు మావారికి వరుసకు పెదనాన్నగారు, పింఛనుదారులు. దాచుకొన్న పైకముతో ఒక పతివ్రత కథను పద్యకావ్యముగా వ్రాసి అచ్చు వేయించిరి. మా కొఱకొక ప్రతియు, శ్రావణ శుక్రవారపు పేరంటమున వాయనములతో పంచుటకు మఱి యెనిమిదియు ఇచ్చి, రెండవ కూర్పులో వేయుటకు మా యభిప్రాయము కావలె ననిరి. వెల 150 రూపాయలు. వెనుక అట్టమీద అప్పటికే నలుగురు పెద్దల ప్రశంసలు గలవు. ఆ నాలుగింటిని కథానాయిక పేరు మార్చి యే కావ్యమునకైనను అతికింపవచ్చును.

మూడు శుక్రవారములు చదివితిమి. ఛందస్సున దోషము లేదు. యతిప్రాసలు కొలిచి పెట్టినట్లున్నవి. కాని ఆ నాయిక ప్రతి పుటయందును ఏడ్చుచుండును, లేదా ఊరకుండును. ఆమె మొగము చంద్రుడు, నడుము ఆకాశము. ఆమె యేమి వండినదో, ఎవరితో నేమి పలికినదో కవి కక్కరలేదు. నడుమ ఒక్కచోట మాత్రము, కఱవు వర్ణింపవలసి వచ్చి, ఆయన తన తల్లి చేదబావికడ రాత్రి రెండవ జామున నీటికై కాచియుండుట వ్రాసిరి. సుమా రిరువది పద్యములు. అవి వేఱొకరు వ్రాసినవా యన్నట్లున్నవి. చదువుట ముగిసిన తరువాత చేనేత చెల్లెలు చెప్పినది: "ఆ తల్లి ముచ్చట వచ్చినకాడ నా చేయి ఆగింది అక్కా. తక్కినకాడ ఆగలే."

అంతకంటె మంచి విమర్శ మేము వ్రాయజాలము. కాని దానిని కాగితముపై నుంచుటయే కష్టము. మా అత్తమ్మ, "ముసలాయన, ఆశపడి వచ్చిండు. నాలుగు మంచి మాటలు రాస్తే నీ సొమ్మేం పోతదమ్మా?" అనిరి. సొమ్ము మాది పోదు. ఆ మాటలను నమ్మి, బియ్యపు డబ్బాలో దాచుకొన్న 150 రూపాయలు తీసి యెక్కడనో యొక సోదరి కొనును. పోవునది ఆమె సొమ్ము. నచ్చనిచో తప్పు తనదే యనుకొని, ఇటువంటివి తన తల కెక్కవని ఆమె మఱల పుస్తకము పట్టకపోవచ్చును. మాకు భయము గొల్పిన దిదియే. అత్తమ్మ దానిని విని, "అయితే ఆయన మనసు నొచ్చుకుంటే నీకు భయం లేదా?" అని యడిగిరి. దానికి మేము బదులు చెప్పలేకపోయితిమి.

పెద్దల యభిప్రాయ మెంత దూరము పోవునో చూపు కథ యొకటి గలదు. ముద్దుపళని "రాధికా సాంత్వనము"ను కందుకూరి వీరేశలింగముగారు కవుల చరిత్రమున అశ్లీలమని నిరసించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు ఆ మాటపై ఊరకుండక, మూలము సంపాదించి చదివి, విడువబడిన పద్యములతో గూడ 1910లో వావిళ్లవారిచే అచ్చు వేయించిరి. మఱుసటి యేటనే ప్రభుత్వము దానిని నిషేధించినది. నిషేధము తొలగునప్పటికి 1947 వచ్చినది. వీరేశలింగముగా రెంతటివారో మనకు తెలియును. అయినను ఆయన మాటతోనే నాగరత్నమ్మగారి చదువు నిలిచిపోలేదు. విమర్శకు డేమి చెప్పినను చదువరి పుస్తకమును తెఱచి చూడవలెను. అట్లు చూడదగిన ఆనవాళ్లు మేమైనను వ్రాయవలెను గదా యని యనిపించినది.

మావారు రెండు దినములు మాటాడక, మూడవ నాడు, "లేనిది వ్రాయకుము. ఉన్న మంచిని తక్కువ చేసి వ్రాయకుము" అని మాత్రము చెప్పిరి. ఉపాధ్యాయులు గదా, పరీక్షాపత్రములు దిద్దిన యనుభవము.

భాద్రపదమున ఉత్తరము వ్రాసితిమి. బావికడి పద్యముల సొగసును పుటసంఖ్యలతో చూపితిమి. నాయిక మాకు కనబడలేదనియు, తల్లి కనబడినదనియు వ్రాసితిమి. చేయి యాగిన సంగతి యథాతథముగా నుంచితిమి. బదులు రాలేదు. దసరాకు ప్రతి యేడు వచ్చెడి పెద్దమనిషి రాలేదు. జమ్మి ఆకు చేతిలో పెట్టుటకు మావారే వారి యింటికి పోయి వచ్చిరి. అచ్చట పుస్తకపు మాట యెత్తలేదట. అత్తమ్మ ఆ రాత్రి భోజనము సరిగా చేయలేదు. కార్తికమున ఒక కార్డు వచ్చినది. కుశలప్రశ్న లేదు. "ఆ యమ్మకు చేయి ఆగిన పద్యముల సంఖ్యలు పంపవలెను" అని యొక్క వాక్యము. చెల్లె లాలోచించి పదునేడు సంఖ్యలు చెప్పగా ఆమె బిడ్డ వ్రాసినది. అందొకటి మా లెక్కకు చేరదగినది కాదు, అయినను తీసివేయలేదు.

వాయనముల సంగతి మిగిలినది. పుస్తకము లిచ్చుట మనకు క్రొత్త కాదు. హేమాద్రి దానఖండమున విద్యాదానమను పేర గ్రంథములు వ్రాయించి యిచ్చుటయు చెప్పబడినది. కాశీనాథుని నాగేశ్వరరావుగారు అమృతాంజనమును సంగీతసభలలో ఊరకే పంచి ప్రచారము చేసిరి. తలనొప్పి మందు క్షణములో గుణము చూపును గనుక అది సాగినది. ఆయనయే 1926లో ఆంధ్రగ్రంథమాల స్థాపించినప్పుడు పుస్తకములకు వెల యుంచిరి, తక్కువ వెల. ఊరకే యిచ్చిన పుస్తకము రవికెగుడ్డ వంటిది. శ్రావణమున మన మిచ్చిన గుడ్డ నాలుగిండ్లు తిరిగి సంక్రాంతి పేరంటమున మన యొడికే వచ్చుట మీ రెఱుగనిది కాదు. అందుచే పేరంటమున పళ్లెరములో పెట్టక, అడిగినవారికే యిచ్చితిమి. ఆఱుగురు తీసికొనిరి. ఒక ప్రతి మఱల మాకే వచ్చినది. బావికడి పుటలలో పసుపు వ్రేళ్ల ముద్రలు గలవు, తక్కిన పుటలు క్రొత్తవిగానే యున్నవి. దానిని ఎవరికిని ఇయ్యము.

క్రొత్త ప్రతులు రెండు మిగిలినవి. కావలసిన సోదరీమణు లిద్దఱు ఈ పత్రిక ద్వారా మాకు జాబు వ్రాయవచ్చును. తపాలా ఖర్చు మాదే. చదివిన పిమ్మట, చేతి పని యెక్కడ నాగినదో, ఆగకున్నచో ఆ సంగతియే, ఒక కార్డుపై వ్రాసి పంపవలెను.