వైద్యుల బడిలో పాటల నిధి

మెడికల్ కాలేజీ లైబ్రరీ అనగానే ఏం గుర్తొస్తుంది? లావుపాటి అనాటమీ పుస్తకాలు, తలెత్తకుండా చదువుకునే విద్యార్థులు... అంతేగా! ఫ్రాన్స్‌లోని మోంపెలియే వైద్య కళాశాల గ్రంథాలయం మాత్రం సంగీత పరిశోధకులకూ పెన్నిధే. ఏడు వందల ఏళ్ల నాటి పాటలు అక్కడ భద్రంగా ఉన్నాయి మరి.

దక్షిణ ఫ్రాన్స్‌లో, మధ్యధరా సముద్రానికి దగ్గర్లో ఉంటుందీ ఊరు. ఇక్కడ ఎవరైనా వైద్యం బోధించవచ్చంటూ 1180లో పట్టణ ప్రభువు ఎనిమిదో గిలెం అనుమతిచ్చాడు. నేటికీ నడుస్తున్న వైద్య కళాశాలల్లో ప్రపంచంలోకెల్లా పాతది ఇదేనంటారు. జోస్యాలు చెప్పిన నోస్ట్రడామస్ 1529లో ఇక్కడ చేరాడు. అంతకుముందు మందులు తయారుచేసి అమ్మేవాడని తెలిసి పేరు కొట్టేశారు! మరుసటి ఏడాది చేరిన రచయిత రాబెలే మాత్రం డాక్టరు పట్టా పుచ్చుకున్నాడు.

కళాశాల భవనం ఒకప్పటి క్రైస్తవ మఠం. 1364లో పునాది పడింది. పక్కనే పెద్ద చర్చి. 1795లో మఠం వైద్యుల బడిగా మారింది.

డాక్టరుగారి వేట

ఫ్రెంచి విప్లవం వచ్చిన 1789లోనే చర్చి ఆస్తులు ప్రభుత్వపరమయ్యాయి. మఠాల్లోని పుస్తకాలన్నీ గోదాముల్లో కుప్పలుగా పడ్డాయి. అప్పుడు రంగంలోకి దిగాడు ప్రూనెల్ అనే వైద్యుడు. కళాశాలకు పుస్తకాలు ఏరి తెచ్చే పనిని ఆయనకు అప్పగించింది మంత్రి షాప్తాల్. ఆయనా మోంపెలియేలో చదివిన డాక్టరే!

ప్రూనెల్ వైద్య గ్రంథాలు మాత్రమే తెచ్చి ఉంటే ఈ కథే లేదు. వైద్యుడికి ఇతర శాస్త్రాలూ తెలియాలన్నది ఆయన పట్టుదల. అందుకే చరిత్ర, సాహిత్యం, సంగీతం... విలువైనదేదీ వదల్లేదు. ఫలితం? నేడు అక్కడ సుమారు 900 చేతిరాత ప్రతులున్నాయి. 1500కు ముందు అచ్చయిన పుస్తకాలే దాదాపు 300! షార్లమేన్ చక్రవర్తి కాలం నాటి ప్రార్థన గీతాల ప్రతి కూడా వీటిలో ఉంది.

వీధి కేకా పాటే!

అన్నిటికన్నా పేరున్నది 'మోంపెలియే కోడెక్స్'. 1300 ప్రాంతంలో తోలు కాగితాల మీద రాసిన చిన్న పుస్తకం. ఇందులో 300కు పైగా పాటలున్నాయి. ఇద్దరు ముగ్గురు ఒకేసారి వేర్వేరు మాటలతో పాడేవి ఎక్కువ. ఒకరు దేవుణ్ని కీర్తిస్తుంటే మరొకరు ప్రియురాలి కోసం వాపోతారు! ఒక పాటలోనైతే ఇద్దరు ప్యారిస్ సరదాల గురించి పాడుతుంటే, మూడో గొంతు వీధిలో స్ట్రాబెర్రీలు అమ్మే కేకను మళ్లీ మళ్లీ అందుకుంటుంది.

మరో ప్రతిది ఇంకో విశేషం. దిజోన్ మఠంలో పదకొండో శతాబ్దంలో రాసింది. ఆ కాలపు సంగీత గుర్తులు రాగం ఎక్కడ పైకెళ్లాలో, ఎక్కడ దిగాలో చెప్పేవి. ఏ స్వరమో చాలా ప్రతుల్లో తెలిసేది కాదు. ఈ ప్రతిలో మాత్రం గుర్తులతో పాటు, మన సరిగమల్లా స్వరాన్ని తెలిపే అక్షరాలూ ఉన్నాయి. 1847లో దాంజూ అనే ఆర్గన్ వాద్యకారుడి కంట పడేదాకా ఆ సంగతి మరుగునే ఉంది. ఆ తర్వాతే పండితులకు పాత కీర్తనల గుట్టు విప్పే తాళంచెవి దొరికింది.

'వైద్య కళాశాలకు పాటలెందుకు?' అని ఆనాడు ప్రూనెల్ అనుకుని ఉంటే ఆ తాళంచెవి ఏ గోదాములో చెదలు పట్టేదో!