ఇకామా ఉన్నన్నాళ్లే మందు

జగిత్యాల జిల్లా రాయికల్ మండలంలోని ఆ ఊళ్లో మేడలకు కొదవ లేదు. కట్టించినవాళ్లే ఊళ్లో ఉండరు. అరుగుల మీద ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నేను వెళ్లింది గల్ఫ్ నుంచి జబ్బుతో తిరిగొచ్చినవాళ్లను కలవడానికి.

యాభై దాటిన ఒకాయన ఎడమచేతి చొక్కా పైకి మడిచాడు. డయాలసిస్ కోసం పెట్టిన ఫిస్టులా మోకు తాడులా ఉబ్బి ఉంది. ‘‘ముట్టుకొని చూడున్రి సార్’’ అన్నాడు. వేళ్ల కింద రక్తం జిర్రున పారుతోంది. వారానికి మూడుసార్లు జగిత్యాల ప్రభుత్వ దవాఖానకు పోవాలి. నెలకు 2,016 రూపాయల పింఛను. మిగతాది భార్య చుట్టే బీడీల మీద.

రియాద్‌లో సెంట్రింగ్ పని చేసేవాడు. 2016లో సౌదీలో పెద్ద నిర్మాణ కంపెనీలు జీతాలు ఆపేసినప్పుడు వేలమంది భారతీయులు క్యాంపుల్లో చిక్కుబడ్డారు. వాళ్ల కోసం అప్పటి విదేశాంగ సహాయమంత్రి వీకే సింగ్ అక్కడికి వెళ్లారు. ఈయన పనిచేసిన చిన్న కంపెనీ కూడా అప్పుడే చేతులెత్తేసింది. ఆనాటి ఇకామా, అంటే నివాస అనుమతి కార్డు, ఇంకా దాచుకున్నాడు. దాని మీద గడువు హిజ్రీ తేదీలో ఉంది.

అక్కడ ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాడికి ఆరోగ్య బీమా కట్టాల్సింది యజమానే. బీమా ఉంటేనే ఇకామా రెన్యువల్ అవుతుంది. ఆ రెన్యువల్ చేయించాల్సిందీ కఫీలే, అంటే ఆ యజమానే. కంపెనీ ఎగ్గొడితే రెండూ ఒకేసారి పోతాయి, చట్టం ముందు దోషిగా నిలబడేది మాత్రం కూలీ. ఈయన ఖల్లివెల్లి అయిపోయాడు. అంటే కాగితాలు లేకుండా దొంగచాటుగా పనిచేసేవాడు.

‘‘కాళ్లు ఉబ్బినై సార్. కార్డు లేనోడు దవాఖానకు పోతే పట్టుకుంటరని రూములోళ్లు భయపెట్టిన్రు. నొప్పుల గోళీలు మింగుకుంటనే పనికి పోయిన.’’

2017లో సౌదీ క్షమాభిక్ష ప్రకటిస్తే ఔట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ పత్రం మీద ఇంటికొచ్చాడు. హైదరాబాద్‌లో పరీక్ష చేసేసరికి రెండు కిడ్నీలూ పోయాయి. ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడం, బీపీ, నొప్పి మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. బీపీ చూసి, మూత్రం పరీక్ష చేస్తే ముందే బయటపడేది. ఆ రెండూ ఖరీదైన పరీక్షలు కావు. పట్టుబడతామన్న భయమే ఆయన్ని దవాఖాన గడప తొక్కనివ్వలేదు. తలచుకుంటే ఆ భయం తీసేయొచ్చని సౌదీయే చూపించింది. 2020 మార్చిలో కాగితాలు లేనివాళ్లకు కూడా కోవిడ్ చికిత్స ఉచితమని రాజు సల్మాన్ ఆదేశించారు. ఆ దయ కిడ్నీలకూ గుండెకూ ఎందుకు వర్తించకూడదు?

మన ప్రభుత్వాలనూ అడగాలి. పోయేటప్పుడు రక్తం, ఎక్స్‌రే అన్నీ చూసి ఫిట్ అంటేనే వీసా. తిరిగొచ్చినవాడి ఒళ్లు ఎలా ఉందో చూసే నాథుడు లేడు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024 నుంచి 5 లక్షలు ఇస్తోంది. మంచి పనే. కానీ బతికొచ్చిన రోగికి అందులో చోటు లేదు.

పక్కింటి కుర్రాడు మస్కట్‌కు విజిట్ వీసా మీద పోతున్నాడు. పది పాస్ కాలేదు. అలాంటివాళ్లు గల్ఫ్‌లో పనికి పోవాలంటే ఇమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా చేయించుకోవాలి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో పోతే 10 లక్షలు, ఆసుపత్రి పాలైతే లక్ష దాకా ఇస్తారు. విజిట్ వీసా వాడికి ఇవేవీ ఉండవు. ఇదంతా చెబితే ఓపికగా విన్నాడు.

‘‘అట్లయితే ఆలస్యమైతదంటుండు ఏజెంటు. అప్పు మీద మిత్తి ఆగుతదా అన్నా?’’

ఏజెంటు నంబరు తీసుకుని అక్కడి నుంచే ఫోన్ చేశాను. క్లియరెన్స్ మాట ఎత్తగానే పెట్టేశాడు.