అరియాంకుప్పం రేవులో ఒక పాత నావ

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణంగా, అరియాంకుప్పం నది సముద్రంలో కలిసే చోటుకు కొంత ఎగువన, మడచెట్ల చాటున పద్దెనిమిది అడుగుల టేకు నావ ఒకటి కట్టి ఉంటుంది. దాని తెరచాప మాను సరుగుడు కర్ర. వయస్సు నలభై ఏళ్ళకు పైమాటే. ఎనిమిదేళ్ళ క్రితం, స్వదేశానికి తిరిగి వెళ్ళిపోతున్న ఒక విదేశీయుని దగ్గర నుండి ఒక పాత మోటారు సైకిలు వెలకు దానిని కొన్నాను. అప్పటి నుండి దాని మీద వెచ్చించిన సొమ్ము ఎంతని మా ఇంట్లో ఎవరూ అడగరు. అడిగితే నేను చెప్పవలసి వస్తుందని వారికి తెలుసు.

ప్రభుత్వోద్యోగికి, అందునా ఫైళ్ళ మధ్య ఇరవై ఏళ్ళు గడిపినవానికి, నావ ఎందుకని మిత్రులు పరిహాసం చేస్తుంటారు. నేను యానాంవాడిని. పరిపాలన రీత్యా మాకు రాజధాని అయిన పుదుచ్చేరికీ మా ఊరికీ మధ్య ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. మా తాతగారు గౌతమీ పాయలో ధాన్యం, కొబ్బరికాయలు వేసుకుని తెరచాప నావ నడిపిన మనిషి. మా నాన్నగారు బడిపంతులు, నీళ్ళంటే భయం. ఈ నావ సంగతి తెలిసిన రోజున ఫోనులో ఆయన, "నావను కొన్నవాడు నావకే కొలువు చెయ్యాలిరా. మీ తాత చేసి చేసి పోయాడు" అని ఊరుకున్నారు. ఆ మాటలో మందలింపు పాలెంతో, మురిపెం పాలెంతో నేటికీ తేల్చుకోలేకపోయాను.

మా ఊరి పక్కనున్న కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికీ మరమ్మతులకూ తూర్పు తీరంలో పేరు మోసిన రేవు. 1789లోనూ, 1839లోనూ వచ్చిన ఉప్పెనలు దానిని దెబ్బ తీశాయి. మేట వేసిన ఒండ్రు మిగిలిన పని పూర్తి చేసింది. చరిత్ర విద్యార్థిగా ఆ సంగతులు పుస్తకాల్లో చదివాను గానీ, ఓడ మరమ్మతు అంటే ఏమిటో ఈ నావ కొన్న తరువాతనే తెలిసింది.

ఇక్కడ నావను ఉంచుకోవడంలో ఒక లోభం కూడా ఉంది, దాచడమెందుకు? అదే నది ఒడ్డున, కాక్కాయన్‌తోపు దగ్గర, అరికమేడు దిబ్బ ఉంది. 'ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్' అనే గ్రీకు గ్రంథం క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఈ తీరాన పేర్కొన్న 'పొదుకే' రేవు ఇదేనని పండితులు చాలామంది అంగీకరిస్తారు. 1945లో మార్టిమర్ వీలర్ ఇక్కడ తవ్వించినప్పుడు ఇటలీలో తయారైన ఎర్రని అరెటైన్ మృణ్మయ పాత్రల ముక్కలు, మధ్యధరా ప్రాంతపు ద్రాక్షాసవం, ఆలివ్ నూనె మోసుకొచ్చిన కూజాల పెంకులు బయటపడ్డాయి. తరువాత కజాల్, ఆపైన 1989-92 మధ్య విమలా బెగ్లే జరిపిన తవ్వకాలు ఈ రేవు రోమను వర్తకులు రావడానికి ముందునుంచే ఉన్నదని చూపాయి. అదే పెరిప్లస్ ఈ తీరపు నావలను కూడా పేర్కొంటుంది. దుంగలు తొలిచి చేసిన పెద్ద దోనెలను జతగా కట్టిన 'సంగర'లు, గంగా ముఖానికీ సువర్ణభూమికీ వెళ్ళే మహా నౌకలు. శాతవాహనుల నాణేల మీది రెండు తెరచాప స్తంభాల ఓడ మనందరికీ పరిచితమే. ఆ ఓడల్లో ఒక్క పలక కూడా మనకు మిగల్లేదు. పెంకు మిగులుతుంది, పూస మిగులుతుంది, కొయ్య మిగలదు. ఎందుకు మిగలదో నా నావ అడుగు చూసినప్పుడు అర్థమైంది.

ఉప్పునీటిలో కొయ్యను తొలిచే ప్రాణి ఒకటి ఉంది. చూపుకు పురుగులా ఉంటుంది గానీ, నిజానికి అది ఆల్చిప్పల జాతిది. సూదిమొన పట్టేంత రంధ్రంలో పసికూనగా ప్రవేశించి, లోపలే పెరుగుతూ, కొయ్య పొర వెంట సొరంగం తవ్వుకుంటూ పోతుంది. సొరంగపు గోడలకు సున్నపు పూత కూడా పూస్తుంది. పైకి పలక నున్నగానే కనిపిస్తుంది. వేలితో నొక్కితే లోపలికి దిగబడుతుంది. టేకును ఇది త్వరగా ముట్టదు. కాని నాకు ముందు ఉన్న యజమాని ఎప్పుడో అడుగుదూలం పక్కనున్న పలకను మార్చి, చవక కలప వేయించాడు. విందు అక్కడ మొదలైంది. ఐప్పశి, కార్తీక మాసాల వానలకు నదిలోకి మంచినీరు దిగినప్పుడు ఈ ప్రాణి కొంత చస్తుంది. ఎండాకాలంలో నదీముఖం ఉప్పెక్కినప్పుడు మళ్ళీ పుంజుకుంటుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్న రెండో ఏట, అనుభవజ్ఞుడని నమ్మిన ఒకరి సలహాపై నావ అడుగంతా ఫైబర్ పూత వేయించాను. సునామీ వచ్చిన 2004 తరువాత ఈ తీరమంతటా కట్టుమరాల స్థానంలో ఫైబర్ పడవలు వేలాదిగా వచ్చాయి. జాలర్లకు అవి మేలు చేశాయి కూడా. కాబట్టి పాత కొయ్యకు కొత్త చొక్కా తొడిగితే చాలుననిపించింది. కొయ్య బతికిన వస్తువు. తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పూత ఉబ్బదు, ముడుచుకోదు. రెండేళ్ళలో రెండింటికీ చెడింది. పూత ఊడిన చోట లోపలికి వెళ్ళిన నీరు బయటికి రాలేక నిలిచిపోయి, కొయ్యను కుళ్ళబెట్టింది. ఆ పూతను చెక్కి తీయడానికి రెండు నెలలు పట్టింది. ఇనుప మేకులు తుప్పు పట్టి, వాటి చుట్టూ కొయ్య నల్లబడి ఉంది. నూట నలభై మేకులు లెక్కబెట్టి తీశాం. వాటి స్థానంలో రాగి మేకులు వేశాం.

'మేం' అంటే నేనూ, మేస్త్రీ గారూ. డెబ్బై దాటిన మనిషి. నావలు కట్టే వడ్రంగుల కుటుంబం. చెక్క పడవలు పోయాక తలుపులూ కిటికీలూ చేసుకుంటూ బతికారు. ఆయనకు తెలుగు రాదు, నా తమిళం కార్యాలయపు తమిళం. అయినా ఒక మాట దగ్గర ఇద్దరం కలిశాం. తమిళంలో 'పాయ్' అంటే చాప, తెరచాప కూడా అదే. మన మాటలోనూ చాప దాగి ఉంది. గుడ్డ కంటే ముందు ఈ రెండు తీరాలలోనూ గాలికి చాపలే ఎత్తి ఉంటారని అనుకుంటాను.

పలకల మధ్య కీళ్ళను పూడ్చడాన్ని ఆయన 'కలప్పత్తు' అంటారు. పోర్చుగీసు నావికుల మాటకు చుట్టం. దూదిని వత్తిలా పేనాలి. అంచు మొద్దుగా ఉన్న ఉలితో, కొయ్య సుత్తితో ఆ వత్తిని కీలులోకి దిగగొట్టాలి. వదులుగా దిగితే నీరు వస్తుంది. మరీ బిగిస్తే రేపు కొయ్య ఉబ్బినప్పుడు పలక మేకులనే పీకేస్తుంది. ఎంత బిగువో చెప్పేది చెవి. సుత్తి దెబ్బ మెత్తగా పలికితే ఇంకా చోటుంది, గణగణమంటే చాలు. ఆపైన గుగ్గిలం పొడిని నూనెలో కాచి, వేడివేడిగా కీలు మీద రాస్తారు. నేను పక్కనే కూర్చుని నోటుపుస్తకంలో కొలతలు రాసుకుంటుంటే ఆయన ఒక రోజు నవ్వి, "రాసుకోండి సార్, మంచిదే. కాని చెవి కాగితం మీదకు రాదు కదా!" అన్నారు.

నావను బాగుచేయడం వేరు, మెరుగుపరచడం వేరు. కుళ్ళిన పలక మారిస్తే ఎవరూ ఆక్షేపించరు. నూలు తెరచాప తీసి పాలియెస్టరు తెరచాప వేయించినప్పుడు నేనే నాలో వాదించుకున్నాను. నూలు చాప వాన తరువాత ఆరబెట్టకపోతే బూజు పట్టి చిరిగిపోతుంది. ఆఫీసు సెలవు చూసుకుని దానిని ఆరబెట్టే వీలు నాకు లేదు. కొబ్బరి పీచు తాళ్ళు పోయి నైలాను తాళ్ళు వచ్చాయి. చుక్కాని కొత్తది. చిన్న మోటారు కూడా పెట్టించమని అందరూ చెప్పారు. ఆ ఒక్కటి ఒప్పుకోలేదు. గాలి పడిపోయినప్పుడు తెడ్డు వేసుకుంటూ చీకటి పడ్డాక చేరుకున్న రోజులు ఉన్నాయి. అవి సుఖమని చెప్పను. మిళిందునితో నాగసేనుడు అన్నట్లు చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు. మరి నా నావలో నలభై ఏళ్ళ నాటిది ఏది? అడుగుదూలం, ముందరి కొమ్ము, పక్కటెముకల్లాంటి వంకకొయ్యలలో సగం. నాకు ఆ పాటి చాలు.

2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. ముందటి రోజు సాయంకాలం నా దగ్గర ఉన్న తాళ్ళన్నీ తీసుకుని రేవుకు వెళ్ళాను. మేస్త్రీ గారు గొడుగు పట్టుకుని అక్కడే ఉన్నారు. "తాళ్ళు ఎందుకు సార్? ముంచేయండి" అన్నారు. నాకు నోట మాట రాలేదు. తేలే నావను గాలి కొడుతుంది. మునిగిన నావను గాలి ఏం చేస్తుంది? ఇదీ ఆయన తర్కం. తెరచాప మాను దించి, మడచెట్ల నడుమ లోతు తక్కువ చోటుకు లాగి, ఇద్దరం బకెట్లతో నదినే దానిలోకి తోడి పోశాం. ఎనిమిదేళ్ళుగా ఏ నీటిని బయటికి తోడడానికి జీతంలో సగం తగలేశానో, ఆ నీటినే నా చేతులతో లోపలికి పోశాను. అంచులు మునిగి బురదలో కూర్చుంది. ఆ రాత్రి తుపాను విధుల మీద కార్యాలయంలోనే ఉన్నాను. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఇళ్ళు మునిగినవారి ఫోన్ల మధ్య నా నావను తలచుకోవడానికే సిగ్గు వేసింది. అయినా తలచుకున్నాను.

నాలుగో రోజున వెళ్ళి చూస్తే వరద తెచ్చిన ఒండ్రు నావలో జానెడు మందాన పేరుకుని ఉంది. ఒడ్డున కట్టిన రెండు ఫైబర్ పడవలు తలక్రిందులై పగిలాయి. మా నావకు ఒక వంకకొయ్య చీలింది, అంతే. మంచినీటిలో నానినందుకు తొలిచే ప్రాణి కూడా చాలావరకు చచ్చిందని మేస్త్రీ గారు పలకలు తట్టి చూసి చెప్పారు.

మరుసటి ఏడాది మే 21న, అజంతా చిత్రంలోని ఓడను నమూనాగా తీసుకుని మేకు లేకుండా పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టి కట్టిన 'కౌండిన్య' కార్వార్‌లో నౌకాదళంలో చేరింది. ఆ బొమ్మను పత్రికలో చూపించాను. మేస్త్రీ గారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. కుట్లు కనబడడం లేదన్నారు. పత్రిక ముద్రణ బాగా లేదేమో అనుకున్నాను. రెండు వారాల తరువాత ఉలి గురి తప్పి ఆయన బొటనవేలికి తగిలినప్పుడు గాని కారణం నాకు తెలియలేదు. రెండు కళ్ళకూ పొరలు కమ్ముతున్నాయి. ఒక కంటికి శస్త్రచికిత్స అయింది. రెండోది బాకీ ఉంది. కుమారులిద్దరూ ఫైబర్ పడవల పనిలో ఉన్నారు. వారిని ఆక్షేపించే హక్కు, నెల జీతం తీసుకునే నాకు లేదు.

ఆ మిగిలిన ఒక్క కీలు, ఎడమ వైపు, నీటి మట్టానికి కొంచెం దిగువన ఉన్నది, ఆయన నా చేతనే వేయించారు. పక్కన పీట వేసుకుని, కళ్ళు మూసుకుని, చెవి ఇటు పెట్టి కూర్చున్నారు. "ఇంకా", "ఇంకా", "చాలు". అరగజం కీలుకు ఒక ఆదివారం పట్టింది. నావను నీటిలోకి దించిన మూడో రోజుకు మిగిలిన కీళ్ళన్నీ బిగిశాయి. నేను వేసినది మాత్రం ఇంకా చెమ్మగిలుతూనే ఉంది. వారానికి ఒక చెంబెడు నీరు. వేసవిలో నావను ఒడ్డెక్కించి, దూది పీకి, మళ్ళీ వేయాలట. ఈసారి తన పీట కొంచెం దూరంగా వేసుకుంటానని మేస్త్రీ గారు అన్నారు.