తప్పు నెట్టుది కాదు, నాది

మాది ప్రొద్దుటూరు, ఉద్యోగం బెంగళూరులో. తెలిసినాయన ఒకరు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు నడుపుతున్నారు. మూడు చోట్లా రాకీ లినక్సే. ప్రతి కంప్యూటరూ విడిగా అప్‌డేట్లు దించుకోవడం దండగని, కిందటి సంక్రాంతి సెలవుల్లో ప్రొద్దుటూరులో ఒక రెపోజిటరీ సర్వర్ పెట్టిచ్చాను. రాత్రి ఒంటిగంటకు అది కొత్త ప్యాకేజీలు తెచ్చుకుంటుంది, పొద్దున అందరూ దాన్నుంచి తీసుకుంటారు. కాస్త గొప్పగానే చెప్పుకున్నాను లెండి :)

వారం తిరక్కుండానే పులివెందుల ల్యాబ్ చూసే అబ్బాయి ఫోను. "అన్నా, పొద్దున్నే అప్‌డేట్ పెడితే టైమౌట్ అంటాండాది. ఇంగోసారి పెడితే వస్తాది." తెరమీద ఏముందో చదవమన్నాను. 'ఆపరేషన్ టూ స్లో', గత 30 సెకన్లలో సెకనుకు 1000 బైట్లు కూడా రాలేదని ఉందట. ఇంకేం, "మీ నెట్టు స్లో తమ్ముడూ, చూపించుకో" అనేశా. జమ్మలమడుగు వాళ్ళకూ అదే జవాబు. "నెట్టు బాగనే ఉండాదన్నా" అని వాడు మొత్తుకున్నా వినలేదు. నా మాట పట్టుకుని ఓనరు గారు వాణ్ణి పదిమందిలో తిట్టారని తర్వాత తెలిసింది.

ఉగాదికి ఊరెళ్ళినప్పుడు, పొద్దున్నే సర్వర్ పక్కనే కూర్చుని అప్‌డేట్ పెట్టా. అదే టైమౌట్! మధ్యలో ఉన్నది మూడు మీటర్ల కేబులు. ప్రొద్దుటూరు ల్యాబ్ పదికి గానీ తెరవరు. అప్పటికే ఆ రెండూళ్ళవాళ్ళు దెబ్బ తిని ఉంటారు కాబట్టి ఇక్కడ ఎప్పుడూ బయటపడలేదు.

సంగతేంటంటే, క్లయింటు ముందుగా అడిగేది ప్యాకేజీని కాదు, వాటి జాబితాని, అంటే మెటాడేటాని. అది తయారు కావాలంటే వేల ప్యాకేజీలను తెరిచి చదివి చెక్‌సమ్ లెక్కగట్టాలి. "ఎవరూ అడక్కుండా ఎందుకు?" అని నేను రాసిన స్క్రిప్టు, మొదటివాడు అడిగినప్పుడే ఆ పని మొదలుపెట్టేది. పాత డిస్కు, రెండు మూడు నిమిషాలు. డీఎన్ఎఫ్ ఆగేది 30 సెకన్లు. ల్యాబ్ మొత్తం ఒకేసారి ఆన్ చేస్తే ప్రతి కంప్యూటరుకీ అదే పని మళ్ళీ మొదలు! నేనేమో డబ్ల్యూగెట్‌తో పరీక్షించా. అది 900 సెకన్లు ఓపిక పడుతుంది, ఇంక తప్పెలా దొరుకుతుంది?

జనాన్ని బంతిలో కూర్చోబెట్టి, విస్తర్లు వేసి, అప్పుడు సంగటికి రాగులు విసరడం మొదలుపెట్టినట్టుంది నా వ్యవహారం.

ఇప్పుడు సింక్ అవగానే, రాత్రే, క్రియేట్‌రెపో_సి వేరే డైరెక్టరీలో మెటాడేటా తయారుచేస్తుంది. అప్‌డేట్ ఆప్షన్ వల్ల మారని ప్యాకేజీల జోలికి మళ్ళీ పోదు. అంతా సరిగ్గా పూర్తయితేనే సింబాలిక్ లింకు కొత్తదానికి మారుతుంది. మధ్యలో చెడితే నిన్నటిదే ఉంటుంది. వెబ్ సర్వర్ పనల్లా ఉన్న ఫైలు అందించడమే. అప్పట్నుంచి మూడూళ్ళలోనూ టైమౌట్ మాట లేదు.

ఓనరు గారికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టించి, ఆ పదిమందీ వినేలా తప్పు నాదేనని చెప్పా. ఆయన నవ్వేసి ఊరుకున్నారు. పులివెందుల అబ్బాయి మాత్రం, "నీ మాట నమ్మి నెట్టోళ్ళను గూడా తిట్టినానన్నా, వాళ్ళకెవరు చెప్తారు?" అన్నాడు.