వజ్రకరూరు నుండి బళ్లారికి

తొలకరి కురిసినంతనే వజ్రకరూరు పొలములలో జనులు వంగి నేలను వెదకుచుందురు. వాన కడిగిన మట్టిలో ఒక్కొక్కప్పుడు వజ్రము దొరకును. భూగర్భమునుండి ఆ రాళ్లను పైకి తెచ్చిన కింబర్లైటు శిల యిచ్చట నున్నది. కాని వజ్రము కొందఱి యదృష్టము. కఱవు అందఱి పాలు. వేరుసెనగ పండని యేట గుంతకల్లున రైలెక్కి బళ్లారికి తరలు కుటుంబములు కలవు.

సోదరీమణులారా! సామానుతోపాటు ఇంటి తుపాకియు కదలునెడల గృహిణి యెఱుగవలసిన సంగతులు కొన్ని గలవు. అడవిపందులనుండి పైరు కాచుకొనుటకు, మూతినుండి మందు కూరు తుపాకికి 1959 నాటి ఆయుధచట్టము క్రింద లైసెన్సు నిత్తురు. 1953 అక్టోబరు 1 వఱకు అనంతపురము, బళ్లారి రెండును మద్రాసు రాష్ట్రమునందే యుండెను. నేడు నడుమ రాష్ట్రపు టెల్ల కలదు. చట్టము దేశమంతట నొక్కటియే. లైసెన్సు మాత్రము దానిపై వ్రాసిన ప్రాంతమునకే చెల్లును. కావున బయలుదేరుటకు ముందే ఆ పత్రమును చదువవలెను. అది ఆంధ్రప్రదేశమునకే పరిమితమైనచో, చెల్లుబాటును విస్తరింపజేసికొనక తుపాకిని ఎల్ల దాటింపరాదు. నివాసము మారిన 30 దినములలో పాత, క్రొత్త యధికారు లిరువురకును వ్రాతమూలమున తెలుపవలెను.

మఱియొకటి. భర్త పేరిటి లైసెన్సు, ఆయన గతించినచో భార్యకు సంక్రమింపదు. దుఃఖములో మఱచి అటకమీద నుంచిన తుపాకి ఆమెకే నేరము తెచ్చును. జాగు చేయక పోలీసు ఠాణాలోగాని, లైసెన్సుగల వర్తకునియొద్దగాని అప్పగించి రసీదు పొందవలెను. పిదప తన పేర లైసెన్సుకై దరఖాస్తు చేసికొనవచ్చును; అక్కఱలేనిచో అర్హత గలవారికి అమ్మవచ్చును.

నగలపెట్టె తాళముతోపాటు ఆ కాగితపు జాడయు ఇల్లాలికి తెలిసియుండుట మేలు.